ఇంటికి విలువ కట్టేవారు వస్తున్నారా?

ఇంటి మీద అప్పుకి వెళ్తే బ్యాంకు తరఫున విలువ కట్టే ఇంజనీరు వస్తారు. ఆయన రెండోసారి రావలసివస్తే డబ్బు ఆలస్యం. అమ్మాయి పెళ్లి ముహూర్తం మాత్రం ఆగదు కదండీ!

దస్తావేజు, లింకు దస్తావేజులు, ప్లాను, ఇంటిపన్ను రసీదు, ఈసీ ఒకే ఫైలులో పెట్టుకోండి. నాలుగు హద్దులూ సరిచూసుకోండి. పక్కస్థలం చేతులు మారితే ఇప్పటివారి పేర్లు రాసి ఉంచండి. ఏలూరు 2022లో వేరే జిల్లా అయింది కాబట్టి, పాత దస్తావేజులో పశ్చిమ గోదావరి అని ఉంటే కంగారు పడకండి. తాడేపల్లిగూడెం వారికి ఆ తికమక లేదు.

1999లో కొల్లేరును అయిదో కాంటూరు దాకా అభయారణ్యంగా ప్రకటించారు. అటువైపు వారు తమ స్థలం ఆ హద్దుకి బయటే ఉందో లేదో ముందే తేల్చుకోవాలి.

ఇంజనీరు వచ్చే రోజు అన్ని గదులూ, మేడ తలుపూ తీసి ఉంచండి. సామాన్ల గదికి తాళం వేస్తే కొలత అక్కడే ఆగుతుంది.