ఫుజిటా కొలబద్ద: గాలి వెళ్లిపోయాక గాలిని కొలవడం

టోర్నడో వేగాన్ని పరికరంతో పట్టుకోవడం చాలా అరుదు. వాతావరణ కేంద్రాల గాలి మీటర్లు ఒకదానికొకటి ఎంతో దూరంలో ఉంటాయి. టోర్నడో వెడల్పేమో చాలాసార్లు కొన్ని వందల మీటర్లకు మించదు. తీరా అది మీటరు మీదుగానే వెళ్లిందనుకున్నా, గాలితోపాటు మీటరూ ఎగిరిపోతుంది. కాబట్టి అమెరికా వార్తల్లో 'ఈఎఫ్-3', 'ఈఎఫ్-4' అని చదివినప్పుడు ఆ అంకె కూలిన ఇళ్లను చూసి కట్టిన అంచనా అని గుర్తుంచుకోవాలి. వరద తీశాక గోడ మీద మిగిలిన బురద గీతను బట్టి నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెప్పడం లాంటిదే ఇది.

ఈ అంచనాకు ఒక పద్ధతి ఏర్పరచినవారు తెత్సుయా ఫుజిటా. 1920లో జపాన్‌లోని క్యూషూ దీవిలో పుట్టారు. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబుతో బయలుదేరిన విమానానికి మొదటి గురి, ఆయన పాఠాలు చెప్పే కాలేజీకి దగ్గరలోని కొకురా నగరమే. మబ్బూ పొగా కమ్మి కింద ఏమీ కనపడకపోవడంతో విమానం నాగసాకి వైపు మళ్లింది. ఆ తర్వాత ఫుజిటా నాగసాకి శిథిలాలను పరిశీలించడానికి వెళ్లారు. అక్కడి శ్మశానాల్లో సమాధుల ముందు పూలు పెట్టే వెదురు గొట్టాల మీద కాలిన మచ్చలు కనిపించాయి. ఆ మచ్చలు ఏ కోణంలో పడ్డాయో చూసి, బాంబు నేలకు ఎంత ఎత్తున పేలిందో లెక్కగట్టారు. చెట్లు ఏ దిక్కుకు ఒరిగాయో కూడా గమనించారు. శిథిలాలను సాక్షుల్లా ప్రశ్నించే ఆ అలవాటు ఆయనను జీవితాంతం వదల్లేదు.

1953లో ఆయన షికాగో విశ్వవిద్యాలయానికి వెళ్లారు. టోర్నడో వెళ్లిన దారి మీదుగా చిన్న విమానాల్లో తిరుగుతూ వందల ఫొటోలు తీశారు. 1971లో తన కొలబద్దను ప్రచురించారు. నావికులు వాడే బోఫర్ట్ స్కేలులోని 12వ మెట్టు దగ్గర మొదలుపెట్టి, ధ్వని వేగం దాకా ఉన్న దూరాన్ని మెట్లుగా విభజించారు. కాగితం మీద ఎఫ్-12 వరకూ ఉన్నా, నేల మీద ఎఫ్-5 దాటే అవసరం రాదని ఆయనే అన్నారు. పైకప్పు రేకులు లేస్తే ఇంత, గోడలు పడితే ఇంత, గట్టి ఇల్లు పునాది మీంచి ఊడ్చుకుపోతే ఎఫ్-5 అని రాసిపెట్టారు. ఎఫ్-5కు ఆయన ఇచ్చిన వేగం గంటకు 261 నుంచి 318 మైళ్లు, అంటే 420 కిలోమీటర్లకు పైమాటే.

1974 ఏప్రిల్ 3, 4 తేదీల్లో ఒక్క రోజు వ్యవధిలో 148 టోర్నడోలు అమెరికాలోని 13 రాష్ట్రాలను కుదిపేశాయి. 300 మందికి పైగా చనిపోయారు. అన్ని దారులనూ ఒకే కొలతతో పోల్చి చూడగలిగింది ఈ స్కేలు ఉండబట్టే. తర్వాత ప్రభుత్వం 1950 నుంచి జరిగిన పాత టోర్నడోలకూ రేటింగులు వేయించింది. ఆ పని చేసినవాళ్లలో చాలామంది విద్యార్థులు. వాళ్లకు ఆధారం పాత పత్రికల కత్తిరింపులు. నేటికీ అమెరికా టోర్నడో గణాంకాలకు పునాది అదేనని తెలిసినప్పుడు, ఆ లెక్కలను ఎంత జాగ్రత్తగా చదవాలో అర్థమవుతుంది.

ఇంతలో ఇంజనీర్లు ఒక చిక్కు ప్రశ్న లేవనెత్తారు. 1970లో టెక్సస్‌లోని లబ్బక్ పట్టణాన్ని టోర్నడో కొట్టాక, అక్కడి టెక్సస్ టెక్ విశ్వవిద్యాలయం ఆ నష్టాన్ని ఇంజనీరింగ్ కంటితో చూడడం మొదలుపెట్టింది. ఫుజిటా ఇచ్చిన వేగాలు అంచనాలే తప్ప ఏ పరీక్షలోనూ తేలినవి కావు. ఇల్లు కూలడానికి అంత గాలి అక్కర్లేదని లెక్కల్లో తేలింది. ఎంత గాలికి కూలుతుందన్నది ఆ ఇంటిని ఎలా కట్టారన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

అమెరికాలో చాలా ఇళ్లు చెక్కవే. కింద కాంక్రీటు శ్లాబు, దాని అంచు వెంబడి ఒక చెక్క పట్టీ, ఆ పట్టీ మీద గోడలు. కాంక్రీటులో పాతిన బోల్టు పట్టీలోంచి పైకి వస్తుంది. దానికి వాషరు వేసి నట్టు బిగించాలి. సర్వే చేసేవాళ్లు ఖాళీ శ్లాబు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని చూసేది ఆ బోల్టునే. నట్టూ వాషరూ బిగిసి ఉండి, వాటి కింద చెక్క చీలిపోయి ఉంటే గాలి నిజంగా దాన్ని పెకలించిందన్నమాట. బోల్టు మరలు శుభ్రంగా ఉండి నట్టే కనపడకపోతే, దాన్ని అసలు బిగించలేదేమోనని అనుమానించాలి. బోల్టుల బదులు మేకులే కొట్టి ఉంటే ఇల్లు ఇంకా తేలిగ్గా జారిపోతుంది. ఆపైన చుట్టూ చూస్తారు: పొదల బెరడు ఊడిందా, కార్లు ఎంత దూరం వెళ్లాయి, పక్కింటి శకలాలే వచ్చి ఈ ఇంటిని గుద్దాయా?

2002లో మేరీలాండ్‌లోని లా ప్లాటా పట్టణాన్ని కొట్టిన టోర్నడోకు మొదట ఎఫ్-5 ఇచ్చారు. తర్వాత వచ్చిన నిపుణుల బృందం, ఊడ్చుకుపోయిన ఇళ్లను పునాదికి సరిగా బిగించలేదని తేల్చి ఎఫ్-4కు దించింది.

2007 ఫిబ్రవరి 1 నుంచి అమలైన మెరుగుపరచిన ఫుజిటా స్కేలు (ఈఎఫ్) ఈ ఇంజనీరింగ్ చూపును నియమంగా మార్చింది. ఇల్లు, బడి, కరెంటు స్తంభం, చెట్టు ఇలా 28 రకాల గుర్తులున్నాయి. ఒక్కోదానికి నష్టం మెట్లు, ఒక్కో మెట్టుకు గాలి వేగపు పరిధి. మామూలు ఇల్లు పూర్తిగా ఊడ్చుకుపోతే అంచనా వేగం గంటకు 200 మైళ్లు. కట్టుబడిని బట్టి అది 165కు దిగవచ్చు, 220కి ఎక్కవచ్చు. ఈఎఫ్-5 అనాలంటే 200 దాటాలి. అంటే, మామూలు ఇల్లు పూర్తిగా పోయినా ఈఎఫ్-5 రాదు, మామూలుకంటే గట్టిగా కట్టిన ఇల్లు పోవాలి!

అసలు వాదన ఇక్కడే మొదలైంది. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర 4 కిలోమీటర్లకు మించిన వెడల్పుతో ఒక టోర్నడో తిరిగింది. బండి మీద అమర్చిన డాప్లర్ రాడార్ గంటకు 295 మైళ్లకు పైగా గాలిని కొలిచింది. ముందు ఈఎఫ్-3 అన్నారు, రాడార్ కొలత చూసి ఈఎఫ్-5కు పెంచారు. కొన్ని నెలలకు మళ్లీ ఈఎఫ్-3కే దించారు. ఎందుకంటే అది ఎక్కువగా పొలాల మీదే తిరిగింది, గాలి బలాన్ని చూపేంత గట్టి కట్టడం దాని దారిలో లేదు. టోర్నడోలను వెంటాడి అధ్యయనం చేసే పరిశోధకులు ముగ్గురు ఆ రోజే అక్కడ ప్రాణాలు కోల్పోయారు. అంత గాలి వీచి, అధికారిక రికార్డులో ఈఎఫ్-3 అని ఉండడం నాకు మింగుడు పడదు.

అదే నెల 20న ఓక్లహోమాలోనే మూర్ నగరాన్ని కొట్టిన ఈఎఫ్-5 టోర్నడో తర్వాత 12 ఏళ్లు మరో ఈఎఫ్-5 నమోదు కాలేదు. 2021లో కెంటకీలోని మేఫీల్డ్‌ను చెరిపేసిన టోర్నడోకూ 190 మైళ్లు వేసి ఈఎఫ్-4 దగ్గర ఆపారు. ప్రకృతి శాంతించిందా, కొలబద్దే కఠినమైందా? 2025లో వెలువడిన ఒక పరిశోధన, ఈఎఫ్-5 గీతను 190కి దించితే పాత రోజుల్లో ఎఫ్-5లు ఎన్ని వచ్చేవో దాదాపు అన్నే వస్తాయని చూపింది. అదే ఏడాది జూన్ 20న నార్త్ డకోటాలోని ఎండర్లిన్ దగ్గర టోర్నడో రైలు వ్యాగన్లను ఎగరేసింది. ఒక ఖాళీ ట్యాంకు వ్యాగన్ 140 మీటర్లకు పైగా దూరంలో పడింది. 28 గుర్తుల్లో వ్యాగన్ లేదు. నిపుణులు విడిగా లెక్కలు వేసి 210 మైళ్లు దాటిందన్నాక, అక్టోబరులో దానికి ఈఎఫ్-5 దక్కింది.

నా అభిప్రాయం ఇది: నష్టం అంకెను అలాగే ఉంచాలి, దాని పక్కనే రాడార్ కొలిచిన వేగాన్నీ అధికారికంగా నమోదు చేయాలి. మొదటిది ఇళ్లు కట్టేవాళ్లకు, రెండోది గాలిని చదివేవాళ్లకు కావాలి. రెంటినీ ఒకే అంకెలో ఇరికించడం వల్లే ఇన్నేళ్ల తగవు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. డాలస్ శివార్లలో వేలాది తెలుగు కుటుంబాలు ఇలాంటి చెక్క ఇళ్లలోనే ఉంటున్నాయి. 2015 డిసెంబరు 26న అక్కడి గార్లండ్, రౌలెట్‌లను ఈఎఫ్-4 టోర్నడో కొట్టింది. మీ పిల్లలు అక్కడ కొత్త ఇల్లు కట్టించుకుంటుంటే, గోడలకు లోపలి షీట్లు బిగించకముందే ఒకసారి వెళ్లి చూడమనండి: ప్రతి బోల్టుకూ వాషరు ఉందా, నట్టు బిగిసిందా, పైకప్పు దూలాలను గోడకు పట్టే లోహపు క్లిప్పులు ఉన్నాయా? వీలైతే గంటకు 250 మైళ్ల గాలిని తట్టుకునేలా కట్టే సేఫ్ రూమ్ ఒకటి పెట్టించుకోమనండి.