హూడి ప్రాంతమున కంప్యూటరు డౌన్‌లోడు మాంద్యము: కారణ విచారము

బెంగుళూరు నగరమునకు తూర్పున, కృష్ణరాజపురమునకును వైట్‌ఫీల్డునకును నడుమ హూడి యను ప్రాంతము కలదు. ఒకప్పుడు పల్లెయై యుండిన యీ చోటు నేడు బహుళాంతస్థుల భవనములతో నిండియున్నది. 2023 లో మెట్రో రైలును వచ్చినది. ఉద్యోగార్థమై వచ్చి యిచట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కులు. అయినను కన్నడ దేశమున తెలుగు అల్పసంఖ్యాకుల భాష. తెలుగు గ్రంథాలయము వీధివీధికి నుండదు. సి. పి. బ్రౌను నిఘంటువు గాని, సూర్యరాయాంధ్ర నిఘంటువు గాని కావలసినవారు కంప్యూటరు ముందు కూర్చుండి అంతర్జాలమునుండి దింపుకొనవలసినదే. ఆ దింపుకొనుట గంటల కొలది సాగి నడుమ తెగినచో, పదమునకు అర్థము వెదకబోయిన బాలుడు విసిగి లేచిపోవును. మరల పిలిచినను రాడు. కావున ఈ మాంద్యము ఎచ్చట పుట్టుచున్నదో విచారింపదగియున్నది.

ముందుగా కొలతను గూర్చిన భ్రాంతిని తొలగించుకొనవలెను. కంపెనీవారు వేగమును బిట్లలో చెప్పుదురు; కంప్యూటరు తెర బైట్లలో చూపును. ఎనిమిది బిట్లు ఒక బైటు. కనుక 100 మెగాబిట్ల పథకము తీసికొన్నవాని తెరపై సెకనుకు 11 లేక 12 మెగాబైట్లు కనబడినచో లోపమేమియు లేదు. ఈ సంగతి తెలియక తగవునకు పోవువారు చదువుకొన్నవారిలోను కలరు.

గ్రంథము కంప్యూటరును చేరు మార్గమును మూడు భాగములుగా నెంచవచ్చును: ఇంటిలోపలిది, ఇంటినుండి కంపెనీవరకు గలది, అచ్చటినుండి గ్రంథమున్న చోటివరకు గలది. సాధారణముగా జనులు రెండవదానినే నిందింతురు. పరీక్షింపక నిందించుట తగదు. తక్కిన సాధనముల నన్నిటిని ఆపి, కంప్యూటరును లాన్ కేబులుతో నేరుగా రౌటరునకు కలిపి, బెంగుళూరులోనే యున్న సర్వరుతో వేగమును కొలువవలెను. ఉదయ మొకసారి, రాత్రి తొమ్మిది గంటల వేళ నొకసారి కొలిచి వ్రాసియుంచుకొనవలెను.

కేబులుతో వేగము సరిగా నుండి వై-ఫైతో తగ్గినచో దోషము ఇంటిలోనిదే. 2.4 గిగాహెర్ట్జుల తరంగములలో ఒకదాని నొకటి తాకని చానళ్లు మూడే: 1, 6, 11. హూడిలోని గృహసముదాయములో ఒక్కొక్క అంతస్థున నాలుగైదు రౌటర్లున్నచో అవి యన్నియు ఆ మూడింటినే పంచుకొనవలెను. సంతలో అందరును ఒకేసారి మాటలాడినట్లుండును. 5 గిగాహెర్ట్జుల తరంగములలో తావు ఎక్కువ; కాని అవి గోడలను దాటుటలో బలహీనములు. డెస్క్‌టాప్ కంప్యూటరునకు మరియొక చిక్కు కలదు. దాని యాంటెన్నా ఇనుప పెట్టె వెనుక, బల్ల క్రింద, గోడవైపునకు తిరిగి యుండును. కదలని యంత్రమునకు కేబులే యుత్తమము.

అయితే కేబులునకును దోషములు లేకపోలేదు. అందు ఎనిమిది తీగలు నాలుగు జంటలుగా నుండును. 1000 మెగాబిట్ల వేగమునకు నాలుగు జంటలును కావలెను. 100 మెగాబిట్లకు రెండు జంటలు చాలును. ఒక తీగ తెగినను సంబంధము పూర్తిగా పోక 100 కు దిగి నిలుచుటయు కలదు. ఎంత హెచ్చు పథకమునకు సొమ్ము కట్టినను తెరపై 94, 95 మెగాబిట్లకు మించకున్నచో ముందుగా తీగను అనుమానింపవలెను.

రెండవ భాగమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. నెల పరిమితి దాటినపిమ్మట వేగమును తగ్గించు పథకములు కలవు. రాత్రివేళ అందరును వాడుటచే తగ్గుటయు కలదు. కేబులుతో కొలిచిన అంకెలను తేదీతోను వేళతోను చూపినచో ఫిర్యాదునకు బలము కలుగును.

మూడవ భాగము మిక్కిలి విచిత్రమైనది. చిత్తూరు జిల్లా కాటూరున జన్మించి, 1994 లో ట్యూరింగు బహుమానము నందిన రాజ్ రెడ్డిగారు పదిలక్షల గ్రంథములను కంప్యూటరు కెక్కించు మహోద్యమమునకు మూలపురుషులలో నొకరు. దాని భారతీయ శాఖయైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థనుండి నడచినది. హూడికి అది ఎంతో దూరము కాదు. ఆ గ్రంథాలయము మూతపడగా, అందలి పుస్తకముల ప్రతులు నేడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవున లభించుచున్నవి. పొరుగూరి పుస్తకము పదునాలుగువేల కిలోమీటర్ల దూరమునుండి రావలసివచ్చినది!

గాజుతీగలో కాంతి సెకనుకు సుమారు రెండులక్షల కిలోమీటర్లు పోవును. కావున పోయివచ్చుటకు 0.14 సెకను తప్పదు. తీగలు వంకరగా పోవుటచే పావు సెకను పట్టినను ఆశ్చర్యము లేదు. సర్వరు కొంత భాగమును పంపి, అందినదని రసీదు వచ్చినగాని మిగిలినది పంపదు. పాత నియమమున ఒక దఫా మితి 64 కిలోబైట్లు. పావు సెకనుకు 64 చొప్పున సెకనుకు 256 కిలోబైట్లు మాత్రమే వచ్చును. 200 మెగాబైట్ల నిఘంటువునకు పదమూడు నిమిషములు దాటును. పథకము ఎంత పెద్దదైనను ఇంతే. ఈ మితిని పెంచు విధానమును 1992 నాటి ప్రమాణపత్రము నిర్దేశించినది. విండోస్ విస్టానుండి కంప్యూటరు తానే దానిని సర్దుకొనుచున్నది. వేగము పెంచెదమను కొన్ని సాఫ్ట్‌వేర్లును, పాత చిట్కాలును ఈ సర్దుబాటును ఆపివేయును. అట్టివానిని తీసివైచి, ఆటో ట్యూనింగ్ అమరికను మరల నార్మల్ చేయవలెను.

ఇక సర్వరువద్ద రద్దీ యున్నప్పుడు ఇంటివారు చేయగలిగినది స్వల్పము. ఆర్కైవు పుటలో టొరెంటు వున్నచో దానిని గ్రహించుట మేలు. తెగినను తెగినచోటినుండియే సాగును. ఒకే గ్రంథమునకు పలురూపములుండును గనుక, మూలచిత్రముల కట్టను గాక పీడీఎఫ్ ప్రతిని ఎన్నుకొనవలెను. పదియారు ధారలు తెరచి లాగు డౌన్‌లోడ్ మేనేజర్లు కలవు గాని, విరాళములపై నడచు సంస్థను అంతగా పీడించుట మర్యాద కాదు. రెండు మూడు ధారలు చాలును. దింపిన గ్రంథమును పెన్‌డ్రైవున నుంచి తరగతిలోని పిల్లలకు పంచినచో, అదే నిఘంటువు ముప్పదిమార్లు సముద్రమును దాటి రానక్కరలేదు.