డిప్ప అతుకుతుంది, గట్టు మాటేమిటి?

సిల్క్‌బోర్డు కూడలి దాటి హోసూరు రోడ్డు పడితే బొమ్మనహళ్ళి. గార్మెంట్ పనికో, సాఫ్ట్‌వేర్ కొలువుకో సీమ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళు ఇక్కడ వీధివీధినా కనిపిస్తారు. 2007లో బెంగళూరు మహానగర పాలికెలో కలిసేదాకా ఈ ఊరికి సొంత పురసభ ఉండేది. ఈ వైపు బేగూరు, హుళిమావు, అరెకెరె చెరువులు ఇంకా మిగిలాయి. అపార్ట్‌మెంట్లు రాకముందు నుంచీ అలాంటి చెరువుల్లో కాపురమున్నది నీటి తాబేలు.

దాని డిప్ప మీద మెత్తని చర్మం ఉంటుంది. వెనక కాళ్ళు లోపలికి లాక్కుంటే కింద రెండు మూతలు వాటిని కప్పేస్తాయి. గుడ్లు పెట్టడానికో, చెరువెండితే మరో మడుగు వెతుక్కోవడానికో గట్టెక్కుతుంది. గట్టు దాటితే రోడ్డే, బండి తగిలితే డిప్ప పగులుతుంది!

డిప్ప అంటే పైన తొడుక్కున్న కవచం అనుకుంటాం. కాదు, వెన్నెముకా పక్కటెముకలూ కలిసిపోయిన ఎముక అది. పగిలితే నెత్తురు కారుతుంది, నొప్పీ తెలుస్తుంది. నగరంలో దెబ్బతిన్న వన్యప్రాణులకు కెంగేరిలోని పీపుల్ ఫర్ యానిమల్స్ ఆసుపత్రి 1996 నుంచి దిక్కు. తాబేలు వైద్యంలో మొదటి పని పగుళ్ళలో ఇరుక్కున్న బురదను సెలైన్‌తో కడగడం. ఆ తర్వాతే ముక్కల్ని దగ్గరికి చేర్చి కదలకుండా బిగిస్తారు. ఇంజెక్షన్ ముందు కాళ్ళ వైపే వేస్తారు. వెనక భాగపు రక్తం మొదట మూత్రపిండాలకు చేరుతుంది కాబట్టి అక్కడ వేస్తే మందు ఒంటికి పట్టకముందే పోవచ్చు. నీటి జీవే అయినా పుండు ఆరేదాకా పొడిగానే ఉంచి, రోజుకు కాసేపు మాత్రం లోతులేని శుభ్రమైన నీళ్ళలో వదులుతారు. మానడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

మునిగి ఈదుతూ, తిండి తానే పట్టుకోగలిగితే దొరికిన చోటికి దగ్గర్లోనే వదలాలి. అసలు చిక్కు అక్కడే. మన దగ్గర చెరువు బాగుచేయడమంటే చుట్టూ రాయి పరిచి, కంచె వేసి, వాకింగ్ ట్రాక్ కట్టడం. గుడ్లకు మట్టి తవ్వుకోవాల్సిన ప్రాణి ఆ రాతి మీద ఏం చేస్తుంది? 2019 నవంబరులో హుళిమావు కట్ట తెగి ఇళ్ళు మునిగాయి కాబట్టి కట్ట గట్టిగా ఉండాల్సిందే. కానీ నీళ్ళు వచ్చే వైపు కాస్త మట్టి ఒడ్డు వదిలితే పోయేదేముంది?

ఇంకో సంగతి. రాయలసీమ మెట్టల్లో ఉండే నక్షత్ర తాబేలు నీటిది కాదు, చెరువులో వేస్తే మునిగి చస్తుంది. ఇలాంటివి 51 దొంగరవాణాలో సింగపూర్ చేరి, 2018 నవంబరులో విమానమెక్కి బెంగళూరుకు తిరిగొచ్చాయి. అదృష్టమని వీటిని ఇంట్లో పెంచుకోవడం నేరం. అక్వేరియంలో పెంచి విసిగిపోయిన ఎర్రచెవుల విదేశీ తాబేలును కూడా చెరువులో వదలకండి, మన వాటి తిండికీ చోటుకూ పోటీకొస్తుంది.

దెబ్బ తగిలిన తాబేలు కనబడితే నీళ్ళలో వేయకండి, పసుపు పూయకండి. గాలాడే అట్టపెట్టెలో పెట్టి, అటవీ శాఖ 1926 నంబరుకు ఫోన్ చేయండి. ఎక్కడ దొరికిందో మాత్రం గుర్తుపెట్టుకుని చెప్పండి, నయమయ్యాక దాన్ని చేర్చాల్సింది అక్కడికే.