తిన్న పిమ్మట కలుగు ఉదరబాధ



మహాభారతములోని ఖాండవదహన కథను మీరు చదివియే యుందురు. శ్వేతకి యను రాజు పండ్రెండేండ్లు ఎడతెగక సత్రయాగము చేసి నేతిధారలు పోయగా, ఆ నేయి అరగక సాక్షాత్తు అగ్నిదేవునకే అజీర్తి పట్టెను. ఆయన తేజస్సు తగ్గెను. అప్పుడాయన బ్రహ్మ కడకు బోయి తన బాధను విన్నవించుకొనెను. సర్వమును దహింపగల దేవునికే యీ యవస్థ తప్పలేదన్నచో మనబోటి వారి మాట చెప్పవలెనా? అయితే ఆయన సిగ్గుపడక చెప్పుకొనెను, మనము చెప్పుకొనము. ఈ నాలుగు మాటలు వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఆ భేదమే.

ఏడేండ్ల క్రిందట బంధువుల యింట పెండ్లికి బోయి వచ్చిన పిదప నాకు జ్వరముతో కూడ విరేచనములు పట్టినవి. నాలుగు దినములకు జ్వరము పోయినది, విరేచనములును కట్టినవి. కాని కడుపు మాత్రము మునుపటి కడుపు కాలేదు. అన్నము తిని చేయి కడుగుకొనునంతలో కడుపుబ్బుట, మెలిపెట్టి నొచ్చుట, మరుగుదొడ్డికి పరుగెత్తుట. ఆపై రెండు దినములు మలబద్ధము. మా అత్తగారు దిష్టి యనిరి. పొరుగువారు వేడి చేసినదనిరి. మా వారు బడిపిల్లలకు జెప్పునట్లే ధైర్యము చెప్పిరి. అచ్యుతాపురమునుండి విశాఖపట్టణమునకు బస్సులో పోవలెనన్నచో ముందటి రాత్రినుండియే నేను భోజనము మానెడిదానను. మేనకోడలి సీమంతమునకు బోక, తలనొప్పి యని బొంకితిని. ఆ బొంకు కడుపునొప్పికన్న నెక్కువగా నన్ను బాధించినది. తుదకు నగరములో నొక వైద్యురాలు ఓపికతో నా మాట విని, పరీక్షలు చేయించి, దీని పేరు ‘ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్’ అని చెప్పినది. పేరు తెలిసినంతనే సగము భయము తీరినది.

ఈ వ్యాధిలో ప్రేగు చూచుటకు ఆరోగ్యముగనే యుండును. పుండు గాని గడ్డ గాని కనబడదు. దాని కదలికయు, బాధను తెలిసికొను శక్తియు మాత్రము క్రమము తప్పును. 2016లో వెలువడిన ‘రోమ్’ నిర్ణయముల ప్రకారము, గడచిన మూడు మాసములలో సగటున వారమునకు ఒక దినమైనను కడుపునొప్పి యుండవలెను. ఆ నొప్పికి మలవిసర్జనతో సంబంధము, విసర్జనల సంఖ్యలో మార్పు, మలస్వరూపములో మార్పు అను మూడింటిలో రెండైనను తోడు కావలెను. బాధ మొదలై ఆరు మాసములైన గడచి యుండవలెను. చరకసంహిత చికిత్సాస్థానములో గ్రహణీదోషమును గూర్చి ప్రత్యేకాధ్యాయమే కలదు. అందలి లక్షణములు కొన్ని దీనిని పోలియున్నను, రెండును ఒకటే యని మాత్రము తలపరాదు.

ఇక భోజనమైన వెంటనే బాధ యేల కలుగునో చూతము.

మొదటి హేతువు ప్రకృతిసిద్ధమైనది. అన్నము కడుపులో పడి అది సాగగానే, పాతది వెడలవలెనని పెద్దప్రేగునకు నాడుల మూలమున ఆజ్ఞ పోవును. ఇది అందరికిని కలదు; పసిపిల్లలు పాలు త్రాగగానే విరేచనము చేయుట యిందువలననే. ఈ వ్యాధి గలవారిలో పెక్కండ్రకు ఆ యాజ్ఞ మితిమీరి పనిచేయును. కావున “తిన్నది తిన్నట్లే పోవుచున్నది” అను మాట సరికాదు. అప్పుడు పోవునది పూర్వము తిన్నదే. అన్నము నోటినుండి తుదిదాక ప్రయాణము చేయుటకు సాధారణముగా ఒక దినమో, అంతకు మించియో పట్టును. భోజనము పెద్దదై, నేయి నూనెలు హెచ్చుగా నున్నకొలది ప్రేగు కదలికయు తీవ్రమగును.

రెండవ హేతువు మన వంటలోనే యున్నది. కొన్ని చక్కెరలు చిన్నప్రేగులో సరిగా జీర్ణము గావు. అవి తమతో నీటిని లాగుకొని పెద్దప్రేగు చేరగా, అచ్చటి సూక్ష్మజీవులు వానిని పులియబెట్టి వాయువును పుట్టించును. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయ పండితులు 2005లో వీనికి ‘ఫాడ్‌మ్యాప్’ అని పేరిడిరి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలో ఫ్రక్టానులు, కంది, శనగ, ఉలవ మొదలగు పప్పుధాన్యములలో గాలక్టో జాతి చక్కెరలు, పాలలో లాక్టోజు, మామిడిపండు, పుచ్చకాయ, తేనెలలో అధికమైన ఫ్రక్టోజు ఇట్టివే. మన దక్షిణదేశమున పెద్దవారిలో పెక్కుమందికి పాలలోని చక్కెరను జీర్ణించుకొను శక్తి తక్కువ.

అయినచో అదే పప్పు, అదే పులుసు తిన్న ఆడబిడ్డకు లేని నొప్పి నాకేల? ఇచ్చటనే మూడవ హేతువు కలదు. ఇంగ్లండులోని నాటింగ్‌హాము పండితులు 2017లో ప్రకటించిన పరిశోధనలో, ఈ వ్యాధి గలవారికిని ఆరోగ్యవంతులకును ఇట్టి చక్కెరలనిచ్చి ఎం.ఆర్.ఐ. యంత్రముతో ప్రేగులను చూచిరి. ఇరువురి ప్రేగులలోను వాయువు ఇంచుమించు సమానముగనే పుట్టినది. ఎక్కువగా బాధపడినవారు మాత్రము రోగులే. అనగా దోషము వాయువులో లేదు, దానిని తెలిసికొను నాడుల అతిసున్నితత్వములో నున్నది. నొప్పి నిజము, ఊహ కాదు. ఈ యొక్క మాట ఇంటివారందరికిని తెలియవలెను.

ఆ సున్నితత్వము ఎట్లు పుట్టును? కొందరికి నావలెనే అంటు విరేచనముల పిదప మొదలగును. బెల్జియములోని లూవెన్ పండితులు 2021లో దీనికొక వివరణ చూపిరి. ఎలుకలకు ప్రేగు అంటు కలిగిన కాలములో ఒక ఆహారమును తినిపింపగా, అంటు తగ్గిన పిమ్మటకూడ వాని ప్రేగు ఆ యాహారమును శత్రువుగా నెంచి, అది తగిలినంతనే నొప్పి పుట్టించు రసములను వదలినది. పండ్రెండుగురు రోగుల ప్రేగుగోడలో పాలు, గోధుమ, సోయా మొదలగువాని సారములను సూదితో నెక్కింపగా, ప్రతివారికిని ఒకదానికైనను ఆ స్థలమున వాపు కనబడినది. మిరపకారము కూడ ప్రేగునాడులను రేపును. దుఃఖము, భయము, నిద్రలేమి నొప్పిని హెచ్చించును; మెదడునకును ప్రేగునకును రాకపోకలు అంత దగ్గరివి. కాని హెచ్చించుట వేరు, పుట్టించుట వేరు.

వైద్యురాలి సలహాతో నేను చేసికొన్న మార్పులను చెప్పెదను. కందిపప్పును, శనగలను నానబెట్టి, ఆ నీరు పారబోసి, క్రొత్తనీటిలో నుడికించి, కొద్దిగా తినుచున్నాను. వెల్లుల్లిలోని ఫ్రక్టానులు నీటిలో కరగును గాని నూనెలో కరగవు; అందుచే తాలింపులో రెబ్బలను వేయించి, తీసివేసి, ఆ నూనెనే వాడెదను. ఉల్లిగడ్డకు బదులు ఉల్లికాడల పచ్చనిభాగమును వేసెదను. బజారు ఇంగువలో తరచుగా గోధుమపిండి కలుపుదురు గనుక డబ్బాపై చదివి కొనవలెను. వరియన్నము, చోడియంబలి, పలుచని మజ్జిగ నాకు పడినవి. అందరికిని ఒకటే పడదు. అనుమానమున్న పదార్థములను రెండు మొదలు ఆరు వారములు మాని, పిదప ఒక్కొక్కటిగా మరల తిని చూచి, పడనిదానినే విడువవలెను. అన్నిటిని శాశ్వతముగా మానుట బలహీనతకు దారి. గోధుమ మానుటకు ముందే సీలియాక్ వ్యాధి పరీక్ష చేయించుకొనవలెను. గర్భిణులును, చిక్కిపోయినవారును వైద్యుని యనుమతి లేక పథ్యము మొదలిడరాదు.

అన్నిటికన్న నాకు మేలు చేసినది మరియొకటి. అందరికి వడ్డించి, ఉదయమునుండి కాఫీ తప్ప మరేమియు లేని కడుపుతో మూడు గంటలకు కూరుచుండి, మిగిలినదంతయు పారవేయలేక తినుట మానితిని. ఇప్పుడు మా వారితోపాటే కూరుచుండి, కొంచెము కొంచెముగా, వేళకు తినుచున్నాను. మొదట మా అత్తగారు మొగము చిట్లించుకొనిరి. ఇప్పుడు ఆమెయే, “కంచము పెట్టుకోవే, వేళయినది” అని హెచ్చరించుచున్నారు.

ప్రతి కడుపునొప్పియు ఈ వ్యాధి కాదు. మలములో నెత్తురు, కారణము లేక చిక్కిపోవుట, రక్తహీనత, జ్వరము, రాత్రి నిద్రనుండి లేపు విరేచనములు, నలుబదియైదేండ్లు దాటిన పిదప క్రొత్తగా మొదలైన బాధ, రక్తసంబంధులలో ప్రేగు క్యాన్సరు ఉండుట: వీనిలో ఏది యున్నను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులు స్ప్రూ అను ప్రేగువ్యాధితోనే మరణించిరి. ఆయనకును ఆ వ్యాధి సోకగా ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికిరి. పిమ్మట అమెరికాలో ఆయన బృందము 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ రోగులకే ఔషధమైనది. మా వ్యాధి ప్రాణము తీయునది కాదు. కాని ప్రాణము తీయునది అదే వేషమున రావచ్చును.

ఈ వ్యాధి పాశ్చాత్యదేశములలో స్త్రీలకే హెచ్చని చెప్పుదురు. మన దేశములో 2008లో ప్రకటింపబడిన వైద్యసంఘపు లెక్కలో మాత్రము ఆసుపత్రులకు వచ్చినవారిలో పురుషులే హెచ్చు. మన కడుపులు గట్టివగుట చేతనా? నాకట్లు తోచదు. మనము ఆసుపత్రి గడప త్రొక్కక తలనొప్పి యని బొంకుచుంటిమి గాబోలు. సోదరీ, నీ కడుపు నొచ్చినచో ఆ మాటనే చెప్పుము. నేను మొన్న మా మేనకోడలి బిడ్డ పుట్టినరోజు పండుగకు బస్సులోనే పోయి వచ్చితిని.