మూడు పెనాలకు ఒకే పొయ్యి

అనకాపల్లి వైపు బెల్లం వండే రోజుల్లో పెనం కన్నా ముందు దాని మీద లేచే ఆవిరే కనిపిస్తుంది. వంద కిలోల చెరకు రసంలో తీపి సరుకు ఇంచుమించు 15 కిలోలు. మిగిలింది దాదాపు నీళ్లే. ఆ నీళ్లను తోలేయడానికే ఎండిన పిప్పంతా పొయ్యి పాలవుతుంది. పక్కన నిలబడి చూసే పిల్లలకు వచ్చే సందేహం ఒకటుంది: ఇంత మంట పెట్టి పుట్టించిన ఆవిరిని ఊరికే గాలికొదిలేస్తారేం?

రసాన్ని గట్టి పలుకులుగా మార్చే విద్య మన దేశంలోనే పుట్టింది. శర్కర అరబ్బుల నోట సుక్కర్ అయింది, ఇంగ్లీషులో షుగర్ అయింది. 1493లో కొలంబస్ చెరకును కరీబియన్ దీవులకు చేర్చాడు. ఆ తోటల కోసం ఆఫ్రికా మనుషుల్ని ఓడల్లో కుక్కి తెచ్చారు. ఇన్ని సముద్రాలు దాటినా పెనం మాత్రం పెద్దగా మారలేదు.

అమెరికాలోని లూసియానాలో 1830ల నాటి వంటశాల ఎలా ఉండేదంటే, ఇటుక పొయ్యి మీద వరసగా నాలుగు బానలు. పెద్దదాని పేరు గ్రాండ్, చివరి చిన్నదాని పేరు బ్యాటరీ. మంట బ్యాటరీ కింద. సెగ మిగతా వాటి కిందుగా సాగి పొగగొట్టం చేరేది. బానిసలు పొడవాటి గరిటెలతో సలసల కాగే రసాన్ని ఒక బానలోంచి మరో బానలోకి తోడి పోసేవారు. మంచు పడకముందే చెరకు ఆడేయాలి గనుక రాత్రీ పగలూ అదే పని. చెయ్యి తొణికితే ఒళ్లు కాలేది. పైగా అంత వేడికి చక్కెర అణువు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజుగా మారుతుంది. అవి పలుకు కట్టనివ్వవు, మడ్డి పెరుగుతుంది.

న్యూ ఆర్లియన్స్‌లో 1806లో పుట్టిన నోర్బర్ రిల్యూ ఈ తంతు ఎరిగినవాడే. తండ్రి తెల్లజాతి వ్యాపారి, తల్లి బానిసత్వంలో లేని నల్లజాతి స్త్రీ. పారిస్‌లో చదువుకుని, అక్కడే ఆవిరి యంత్రాల పాఠాలు చెప్పాడు.

అతని కన్ను పడింది ఆవిరిలో దాగిన వేడి మీద. కిలో నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవాలంటే 100 కిలోకాలరీలు చాలు. మరిగే ఆ నీరంతా ఆవిరవ్వాలంటే ఇంకో 540 పొయ్యాలి. థర్మామీటరుకు అందని ఈ గుప్తోష్ణం ఎక్కడికీ పోదు. ఆవిరి చల్లటి లోహాన్ని తాకి మళ్లీ నీరయ్యేటప్పుడు మొత్తం బయటపడుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీస్తూ చెయ్యి కాల్చుకున్నవాళ్లకు దీని దెబ్బ తెలుసు.

మరి మొదటి పెనం ఆవిరితో రెండో పెనాన్ని మరిగించవచ్చు కదా? కుదరదు. వంద డిగ్రీల ఆవిరి వంద డిగ్రీల దగ్గర మరిగే రసానికి వేడినివ్వలేదు. వేడి పల్లానికే పారుతుంది.

ఆ పల్లాన్ని రిల్యూ తయారుచేశాడు. పెనాల్ని మూత బిగించిన పాత్రలుగా మార్చి, ఒకదాన్ని మించి ఒకదానిలో ఒత్తిడి తగ్గించాడు. కొండ మీద నీరు తక్కువ వేడికే మరిగినట్టు, రెండో పాత్రలో రసం ఇంకా తక్కువకు, మూడో దానిలో మరీ తక్కువకు మరుగుతుంది, కాబట్టి ముందు పాత్ర ఆవిరే తర్వాతి దాన్ని మరిగిస్తుంది. వాతావరణ పీడనంలో పదోవంతు దగ్గర నీరు 46 డిగ్రీలకే తెర్లుతుంది మరి. చివరి పాత్ర ఆవిరి చన్నీళ్లు తగిలి నీరవుతుంది. మామూలు ఒత్తిడి దగ్గరే ఆవిరి నీరైతే దాని పరిమాణం సుమారు 1600 రెట్లు కుంచించుకుపోతుంది. ఆ ఖాళీయే శూన్యాన్ని నిలబెడుతుంది, పంపు లోపలి గాలిని లాగేస్తుంది. ఒత్తిడి తేడాకు రసం కూడా తనంతట తానే పక్క పాత్రలోకి నడిచిపోతుంది.

ఇంగ్లండులో ఎడ్వర్డ్ హోవర్డ్ 1813లోనే శూన్య పెనం కట్టాడు. రసం మాడలేదు గానీ ఆవిరి వృథాగానే పోయింది. రిల్యూ లెక్క వేరు. వంద కిలోల రసాన్ని 25 కిలోల పాకం చేయాలంటే 75 కిలోల నీరు పోవాలి. ఒక్క పాత్రయితే దాదాపు అంతే ఆవిరి కావాలి. మూడయితే సుమారు 25 కిలోలు చాలు.

1845లో లూసియానాలోని ఒక తోటలో రిల్యూ యంత్రం నిలబడింది, 1846లో పేటెంటు వచ్చింది. చక్కెర తెల్లబడింది, కట్టెల ఖర్చు తగ్గింది. ఆ యంత్రాన్ని పత్రికలో మెచ్చుకున్న తోట యజమాని జూడా బెంజమిన్, తర్వాత బానిసత్వాన్ని నిలబెట్టేందుకు యుద్ధానికి దిగిన దక్షిణాది రాష్ట్రాల కూటమి కాన్ఫెడరసీలో మంత్రి. గరిటె తగ్గినా సంకెళ్లు 1860ల దాకా తెగలేదు. రిల్యూ పారిస్ వెళ్లిపోయి, కొన్నాళ్లు ఈజిప్టు చిత్రలిపి చదువుకుని, 1894లో అక్కడే కన్నుమూశాడు.

తర్వాత ఈ పాత్రల వరస ఉప్పు తయారీకి, కాగితం మిల్లుకు, సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటుకు పాకింది. చక్కెర మిల్లుల్లో ఇప్పుడు నాలుగు, అయిదు పాత్రలు నిలువెత్తు స్తంభాల్లా ఉంటాయి. చివరి దాని గాజు కిటికీలోంచి చూస్తే చిక్కటి పాకం కుతకుతలాడుతూ ఉంటుంది. దాని కింద ఎక్కడా పొయ్యి ఉండదు.