లినక్స్ బండి ఏ స్టేషనులో ఆగినది?

చిల్లకూరు వారికి గూడూరు జంక్షను కొత్త కాదు. అచ్చట బయలుదేరిన బండి నెల్లూరు చేరలేదనుకొందము. వెంటనే పట్టాలన్నిటిని పెరికివేయుదురా? "మనుబోలు దాటినదా? వెంకటాచలము దాటినదా?" అని విచారింతురు. బండి చివరిసారి కనిపించిన చోటు తెలిసినచో, ఆ తరువాతి మార్గమును మాత్రము వెదకిన చాలును.

కొత్త టచ్‌స్క్రీన్ లాప్‌టాప్‌లో లినక్స్ మొదలుకానప్పుడును ఇదే పద్ధతి. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన కెర్నెలు దీనికి మూలము. మీట నొక్కగానే ఈ వ్యవస్థ ఒక్కసారిగా లేవదు. పని ఒక ప్రోగ్రామునుండి మరొకదానికి చేతులు మారుచు సాగును.

మొదటి మజిలీ ఫర్మ్‌వేరు. ఇది మదర్‌బోర్డుపై చిప్పులో ఉండును. ఇప్పటి యంత్రములలో పాత బయాస్ స్థానమున యూఈఎఫ్ఐ ఉన్నది. ఇది మెమరీని, డిస్కును పరీక్షించి, బూట్ ప్రోగ్రామును వెదకును. 2012లో విండోస్ 8తో వ్యాప్తిలోనికి వచ్చిన 'సెక్యూర్ బూట్' ఇచ్చట కాపలాదారు. ఆమోదింపబడిన డిజిటల్ సంతకము లేని ప్రోగ్రామును ముందుకు పోనీయదు. లినక్స్ మెనూ రాకుండ భద్రతా హెచ్చరిక వచ్చినచో లోపము ఇక్కడనే. ఉబుంటు, ఫెడోరా వంటివి అట్టి సంతకముతోనే వచ్చును. అది లేనిదానిని వాడవలెనన్న సెక్యూర్ బూట్‌ను ఆపవలెను.

అయితే ఒక జాగ్రత్త. విండోస్ డిస్కుకు బిట్‌లాకర్ తాళము వేసియున్నచో, ఈ మార్పు తరువాత అది 48 అంకెల సంఖ్యను అడుగవచ్చును. ఆ సంఖ్యను ముందే వ్రాసి ఉంచుకొనని విద్యార్థి తన పాఠములను, ఫోటోలను శాశ్వతముగా పోగొట్టుకొనవచ్చును.

రెండవ మజిలీ గ్రబ్. ఏ కెర్నెలును ఎక్కించవలెనో ఇది తెలుపును. నల్లని తెరపై 'గ్రబ్' అను మాట మాత్రమే నిలిచినచో, గ్రబ్ లేచినది గాని తన మెనూ ఫైలును కనుగొనలేదని అర్థము.

మూడవది కెర్నెలు. ఇది డిస్కును స్వయముగా గుర్తింపవలెను. కొన్ని ఇంటెల్ యంత్రములలో డిస్కు వీఎండీ అను ఏర్పాటు చాటున ఉండును. తగిన డ్రైవరు లేని కెర్నెలుకు ఆ డిస్కే కానరాదు. ఫర్మ్‌వేరులో ఆ ఏర్పాటును తొందరపడి మార్చినచో విండోసే లేవకపోవచ్చును. కనుక ముందుగా కొత్త కెర్నెలు గల లినక్స్‌ను ప్రయత్నించుట మేలు.

మెనూ కనిపించి, పిమ్మట తెర నల్లబడినచో గ్రాఫిక్స్ డ్రైవరును అనుమానింపవలెను. మెనూలో ఆంగ్లాక్షరమాలలోని ఐదవ అక్షరపు మీటను నొక్కి, 'లినక్స్' అని మొదలగు పంక్తి చివర 'నోమోడ్‌సెట్' అని ఆంగ్లములో చేర్చి, ఎఫ్10 నొక్కవలెను. ఈ మార్పు ఆ ఒక్కసారికే వర్తించును. అదే పంక్తిలో 'క్వైట్', 'స్ప్లాష్' అను మాటలను తీసివేసినచో, కెర్నెలు చేయు పనులు వరుసగా తెరపై కనబడును. అచ్చట నిలిచిపోయిన చివరి పంక్తియే మన బండి దాటిన చివరి స్టేషను.

వ్రేలి స్పర్శకు తెర స్పందింపకపోవుట బూట్ లోపము కాదు. బొమ్మను చూపు భాగము వేరు, స్పర్శను గ్రహించు భాగము వేరు. లినక్స్‌లో స్పర్శకు వలయు డ్రైవరు కెర్నెలు లేచిన తరువాతనే పనిలోనికి వచ్చును. అంతవరకు కీబోర్డే ఆధారము.

లినక్స్‌ను స్థాపించుటకు ముందు పెన్‌డ్రైవునుండి 'లైవ్' పద్ధతిలో నడిపి చూచినచో, డిస్కులోని దేనిని మార్చకుండగనే ఈ లోపములలో పెక్కు బయటపడును. ఒకసారి ఒక్క మార్పే చేయవలెను. చేసిన మార్పును, దాని ఫలితమును ప్రయోగశాల పుస్తకములో వలె వ్రాసికొనవలెను.