డింభకం లేని ఎండ్రకాయ

చేవెళ్ళ, మొయినాబాదు ప్రాంతాలకు సముద్రం ఎంతో దూరం. అయినప్పటికీ అక్కడి చెరువు గట్లలో, వరి మళ్ళలో బొరియలు చేసుకొని జీవించే ఎండ్రకాయకు పూర్వులు సముద్రవాసులే.

సముద్రపు పీత లక్షలాది గుడ్లు పెడుతుంది. వాటి నుండి వెలువడేవి పీతలు కావు. జోయియా అనే డింభకాలు. పెద్ద కన్నులు, వీపుపై ముల్లు, సన్నని తోక గల ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలియాడుతూ పలుమార్లు కుబుసం విడిచి, మెగలోపా దశను దాటి, పీత రూపం దాలుస్తాయి. 1802లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బాస్క్ జోయియాను వేరొక జంతువుగా భావించి ఆ పేరు పెట్టాడు. అది పీత శైశవ రూపమేనని జాన్ వాన్ థాంప్సన్ 1828లో ప్రకటించాడు.

డింభకాలలో అధిక భాగం చేపల పాలవుతుంది. మిగిలినవి ప్రవాహాల వెంట దూరతీరాలకు చేరుతాయి. ఒక తీరంలో పీతలు నశించినా మరొక తీరపు డింభకాలు ఆ లోటును పూరించగలవు.

నదీజలాలలో అట్టి డింభకాలు ప్రవాహానికి కొట్టుకొనిపోతాయి. అందువల్ల మంచినీటి ఎండ్రకాయలలో పరిణామక్రమంలో స్వేచ్ఛా డింభక దశ లోపించింది. ఇవి పచ్చసొన నిండిన పెద్ద గుడ్లను కొద్ది సంఖ్యలోనే పెడతాయి. మార్పులన్నీ గుడ్డులోనే ముగుస్తాయి. పొదిగిన చిరు ఎండ్రకాయలు కొన్నాళ్ళు తల్లి పొట్ట కిందనే ఆశ్రయం పొందుతాయి.

ఈ రక్షణకు మూల్యం లేకపోలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరిసరాలలో ఒక కుంటను పూడ్చివేస్తే, అందులోని ఎండ్రకాయల స్థానాన్ని నింపడానికి ఏ కెరటమూ డింభకాలను మోసుకొని రాదు. పొరుగు చెరువు నుండి అవి నడిచి రావలసిందే. ఆ చెరువూ, నడుమ తడి నేలా మిగిలి ఉంటేనే అది సాధ్యం.